కాలేజీ అమ్మాయిల వాలీబాల్ జట్టుకి మొదటిసారి హెడ్ కోచ్‌ని – అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

తొమ్మిదో_నంబర్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి మన వైజాగ్‌లోనే ఒక డిగ్రీ కాలేజీలో అమ్మాయిల వాలీబాల్ జట్టు నా చేతికి వచ్చింది. యూనివర్సిటీకి ఆడాను, ఎం.పి.ఎడ్. చేశాను, పటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) వాళ్ల ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా పూర్తయింది. ఇప్పటిదాకా ఒక సీనియర్ సార్ దగ్గర అసిస్టెంట్‌గా ఉన్నాను. అక్కడ నా పని బంతులు కొట్టించడం, రిసీవింగ్ చూసుకోవడం, ఎవరికైనా కాలు బెణికితే ఐస్ పెట్టడం. ఎవర్ని ఆడించాలి, ఎవర్ని కూర్చోబెట్టాలి అనేది సార్ చూసుకునేవారు. ఇప్పుడు అదంతా నా మీదే పడింది.

పరిస్థితి చెబుతాను. మొత్తం పద్నాలుగు మంది అమ్మాయిలు. అందులో నలుగురు ఫైనలియర్. ఇంటర్ కాలేజియేట్ టోర్నమెంట్‌కి రెండు నెలలు కూడా లేదు. కెప్టెన్‌ని నాకు ముందున్న సార్ పెట్టారు. మంచి ఎటాకర్, కానీ రెండు ర్యాలీల పాటు బంతి తన వైపు రాకపోతే ముఖం మాడ్చుకుంటుంది, అది చూసి మిగతావాళ్లు బెదిరిపోతారు. జట్టులో ఆట బాగా అర్థమైంది సెకండియర్ లిఫ్టర్‌కి (ఎటాకర్లకి బంతి లేపి ఇచ్చే అమ్మాయికి). ఆ పిల్ల నోరు విప్పదు. గ్రౌండ్ ఒక్కటే ఉంది, అబ్బాయిలకీ అదే. ప్రిన్సిపాల్ మేడమ్ మొదటి రోజే "ఈసారి కప్పు వస్తుందా అమ్మా" అని అడిగారు.

కెప్టెన్‌ని మార్చాలా? జట్టులోకి తీసుకోలేని ఇద్దరికి ఆ మాట ఎలా చెప్పాలి? ఇంత తక్కువ టైమ్‌లో దేని మీద పని చేయాలి? టెన్షన్‌గా ఉంది. ఈ పని కోసం చాలా ఏళ్లు ఎదురుచూశాను కాబట్టి బాగా చేయాలని ఉంది.

యూనివర్సల్_11 | సోమవారం, రాత్రి 10:15

కంగ్రాట్స్ మేడమ్. నేను గాజువాక వైపు ఒక క్లబ్బులో కోచింగ్ ఇస్తాను, మా దగ్గర అబ్బాయిలే ఎక్కువ. నా మాట సూటిగా చెబుతాను. కెప్టెన్‌ని మొదటి వారంలోనే మార్చేయండి. జట్టు ఎవరిదో పిల్లలకి తెలియాలి. పాత సార్ పెట్టిన మనిషి అలాగే ఉంటే మీరు చెప్పిన ప్రతి మాటా "సార్ ఉన్నప్పుడు ఇలా చేసేవాళ్లం కాదు" దగ్గరికే వస్తుంది. లిఫ్టర్‌ని కెప్టెన్ చేయండి, బాధ్యత నెత్తిన పడితే నోరు దానంతట అదే వస్తుంది. టైమ్‌కి రానివాళ్లని ఆ రోజు ప్రాక్టీస్ నుంచి పంపించేయండి. రెండు వారాల్లో దారిలోకి వస్తారు.

పాత_పీడీ_అనకాపల్లి | మంగళవారం, ఉదయం 6:05

అమ్మా, శుభాకాంక్షలు. నేను పీడీగా (ఫిజికల్ డైరెక్టర్‌గా) రిటైరయ్యాను. అబ్బాయిల జట్లనీ అమ్మాయిల జట్లనీ తీసుకెళ్లాను.

పై తమ్ముడు చెప్పిన దాంట్లో టైమ్ విషయం ఒప్పుకుంటాను, కెప్టెన్ విషయం ఒప్పుకోను. మొదటి వారంలో మీకు ఆ అమ్మాయి గురించి తెలిసింది ఎంత? ముఖం మాడ్చుకుంటుందని తెలుసు. ఎందుకో తెలుసా? ఫైనలియర్ అమ్మాయికి అది ఆఖరి ఇంటర్ కాలేజియేట్. అక్కడ సెలెక్టర్ల కళ్లలో పడితేనే యూనివర్సిటీ క్యాంపు, ఆ తర్వాత సౌత్ జోన్, ఆలిండియా. ఇంటర్ యూనివర్సిటీ సర్టిఫికెట్ చేతిలో ఉంటే రైల్వేలోనో ఇంకెక్కడో స్పోర్ట్స్ కోటా అప్లికేషన్‌కి బలం ఉంటుంది. బంతి రాకపోతే ఆ పిల్లకి పోతున్నది పాయింటు ఒక్కటే కాదు. ముందు కూర్చోబెట్టుకుని మాట్లాడండి. పదవి తీసేయడం ఒక్క నిమిషం పని, ఎప్పుడైనా చేయవచ్చు. ఒకసారి తీశాక తిరిగి ఇవ్వడం ఉండదు.

విజిల్_మాస్టారు | మంగళవారం, ఉదయం 8:30

రిఫరీగా నా వైపు నుంచి రెండు మాటలు. అసిస్టెంట్‌గా ఉన్నవాళ్లు హెడ్ కోచ్ అయినప్పుడు కోర్టు పక్కన ఏం మారుతుందో చాలామంది మ్యాచ్ మొదలయ్యేదాకా ఆలోచించరు.

అసిస్టెంట్ బెంచీ మీద కూర్చుని సలహా చెప్పవచ్చు, అంతే. టైమౌట్ అడగాలన్నా, సబ్‌స్టిట్యూషన్ చేయాలన్నా హెడ్ కోచే. సెట్‌కి రెండు టైమౌట్లు, ఒక్కోటీ 30 సెకన్లు. పిల్లలు బెంచీ దగ్గరికి వచ్చి నీళ్లు తాగేసరికి సగం అయిపోతుంది. మిగిలిన టైమ్‌లో ఒక్క విషయమే ఎక్కుతుంది. "మూడో నంబర్ మెల్లగా డ్రాప్ వేస్తోంది, ఆరో స్థానంలో ఉన్నవాళ్లు రెండడుగులు ముందుకి" అనేది చెప్పదగ్గ మాట. "ధైర్యంగా ఆడండి, మనసు పెట్టండి" అంటే ఆ 30 సెకన్లూ గాలికి పోయినట్టే.

రెండోది లైనప్ షీట్. ప్రతి సెట్‌కి ముందు ఒకటి నుంచి ఆరు స్థానాల్లో జెర్సీ నంబర్లు రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఇచ్చాక మార్పు కుదరదు, మార్చాలంటే సబ్‌స్టిట్యూషన్ వాడుకోవాల్సిందే. సెట్‌కి ఆరు సబ్‌స్టిట్యూషన్లే, లిబెరో (వెనక వరుసలోనే ఆడే అమ్మాయి) మార్పులు ఆ లెక్కలోకి రావు. సర్వీస్ మనదైతే మొదట కొట్టేది ఒకటో స్థానంలో ఉన్న అమ్మాయి. సర్వీస్ వాళ్లదైతే, మనం పాయింటు గెలిచాక ఒక స్థానం తిరుగుతాం కాబట్టి మన మొదటి సర్వీస్ రెండో స్థానంలో ఉన్నమ్మాయిది. టాస్ అయ్యాక ఇది గుర్తుపెట్టుకుని రాయండి. కొత్త కోచ్‌లు ఇంట్లో రాసుకొచ్చిన కాగితం చూసి అలాగే దించేస్తుంటారు.

కెప్టెన్ సంగతికొస్తే, ఆట ఆగినప్పుడు రిఫరీతో మాట్లాడే హక్కు కోర్టులో ఉన్న కెప్టెన్‌దే. కోచ్ కేకలేస్తే మేం వినం, కార్డు చూపిస్తాం. అందుకని కెప్టెన్‌కి రూల్స్ తెలియాలి, రిఫరీ ముందు గొంతు పెగలాలి. నోరు విప్పని లిఫ్టర్‌తో ఆ పని ఎలా అవుతుందో ఆలోచించుకోండి.

తొమ్మిదో_నంబర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

సార్, రెండో స్థానం సంగతి చదివి తెలిసినా షీట్ రాసేటప్పుడు ఎలా వాడుకోవాలో ఇప్పుడు తెలిసింది. చాలా థ్యాంక్స్. పీడీ గారూ, ఆ అమ్మాయితో విడిగా మాట్లాడతాను. ఇంకో విషయం, జట్టులో పన్నెండు మందే అని మా ఆఫీసులో చెప్పారు. పద్నాలుగు మందిని రాయనిస్తారని ఎక్కడో చదివాను. ఏది నిజం?

విజిల్_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 2:05

అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో ఇద్దరు లిబెరోలతో కలిపి 14 మందిని రాయనిస్తున్నారు. మీ టోర్నమెంట్‌కి సర్క్యులర్‌లో ఎంత ఉంటే అంతే. అది తెప్పించుకుని మొత్తం చదవండి. ఎలిజిబిలిటీ ఫారాలు, వయసు, ఫొటోలు, ప్రిన్సిపాల్ సంతకాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఆట బాగున్న జట్లు కాగితం దగ్గర ఆగిపోవడం చూశాను.

గాజువాక_లిబెరో | మంగళవారం, రాత్రి 8:50

అక్కా, నేను డిగ్రీలో మూడేళ్లు లిబెరోగా ఆడాను. కోచ్‌లు చెప్పే విషయాలు పైన వచ్చాయి, ఆడే పిల్లల వైపు నుంచి నేను చెబుతాను.

జట్టు లిస్టు నోటీసు బోర్డు మీద అంటించకండి. వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి. మా ఫస్టియర్‌లో లిస్టు గ్రూపులో వచ్చింది. పేరు లేని అమ్మాయి అప్పుడు బస్సులో మా పక్కనే ఉంది. ఫోన్ చూసుకుంది, మళ్లీ మళ్లీ పైకీ కిందకీ జరుపుకుంటూ చూసింది. తర్వాత స్టాప్‌లో దిగిపోయింది, అది తన స్టాప్ కూడా కాదు. ఆ తర్వాత గ్రౌండ్‌కి రాలేదు.

మరుసటి ఏడాది వేరే మేడమ్ వచ్చారు. ఆవిడ ఒక్కొక్కరినీ పిలిచి ఎదురుగా చెప్పారు. మా బ్యాచ్ అమ్మాయికి "నీ సర్వీస్ బాగుంది, రిసీవింగ్‌లో నీ మోకాళ్లు వంగడం లేదు, అందుకే ఈసారి తీసుకోవడం లేదు" అన్నారట. ఆ అమ్మాయి ఏడ్చింది, కానీ మర్నాడు వచ్చింది. కారణం తెలిస్తే భరించగలం అక్కా. కారణం చెప్పకపోతే మేమే ఒకటి ఊహించుకుంటాం. ఫీజు కట్టలేదనో, ఊరు వేరనో, రంగు తక్కువనో, మేడమ్‌కి నచ్చలేదనో రకరకాలుగా అనుకుంటాం.

ఇంకోటి, లిఫ్టర్ మాట్లాడకపోవడం. మా కొత్త మేడమ్ ఒక నియమం పెట్టారు. "నాది" అని గట్టిగా అరవకుండా ఎవరు బంతి తీసినా, ఎంత బాగా తీసినా ఆ పాయింటు అవతలి వాళ్లకే. మొదటి రెండు రోజులు సిగ్గుపడ్డాం. ఆ పక్కనే అబ్బాయిలు ఆడుతుంటారు కదా. తర్వాత గ్రౌండ్ అంతా "నాది, నాది" అని ఒకటే గోల. నోరు రావాలంటే పదవి అక్కర్లేదు, ఆటలో అరవక తప్పని పరిస్థితి ఉంటే చాలు.

యూనివర్సల్_11 | మంగళవారం, రాత్రి 9:30

లిబెరో గారి నియమం బాగుంది, రేపటి నుంచి మా పిల్లలకీ పెడతాను. కెప్టెన్ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. మేడమ్ రెండు నెలలు చూస్తూ కూర్చుంటే టోర్నమెంట్ వచ్చేస్తుంది. మెత్తగా ఉంటే నెత్తినెక్కుతారు.

పాత_పీడీ_అనకాపల్లి | బుధవారం, ఉదయం 5:50

తమ్ముడూ, మెత్తగా ఉండమని ఎవరూ అనలేదు. విని నిర్ణయం తీసుకోవడం మెత్తదనం కాదు.

కార్చ్ కిరాలీ సంగతి చూడండి. 1984, 1988లో ఇండోర్‌లో, 1996లో బీచ్ వాలీబాల్‌లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మనిషి. అంతటివాడు అమెరికా మహిళల జట్టుకి ముందు అసిస్టెంట్‌గా పనిచేశాడు. 2012 లండన్ ఒలింపిక్స్ తర్వాతే హెడ్ కోచ్ అయ్యాడు. 2014లో ప్రపంచ ఛాంపియన్‌షిప్, ఆ తర్వాత టోక్యోలో ఆ దేశపు మహిళల జట్టుకి మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం. చైనా లాంగ్ పింగ్ ఆటగత్తెగా 1984లో స్వర్ణం గెలిచింది, 1995లో హెడ్ కోచ్‌గా వచ్చి మరుసటి ఏడాదే అట్లాంటాలో రజతం తెచ్చింది, 2016లో రియోలో స్వర్ణం. వాళ్ల పేర్లే సగం పని చేసిపెడతాయి. మనకి ఆ సౌకర్యం లేదు. మన మాట పిల్లలు వినాలంటే మనం వాళ్లని చూశామని వాళ్లకి నమ్మకం కలగాలి.

మనవాళ్లలో కూడా పెద్దలున్నారు. అరికపూడి రమణారావు గారికి ఆటగాడిగా అర్జున, కోచ్‌గా 1990లో ద్రోణాచార్య వచ్చాయి. మాలినీ రెడ్డి గారికి 1973లోనే వాలీబాల్‌లో అర్జున వచ్చింది. ఈ పేర్లు మీ అమ్మాయిలకి చెప్పండమ్మా. మన దగ్గర క్రికెట్ ముచ్చట్లు తప్ప ఇవి ఎవరూ చెప్పరు, నాకు అదొక బాధ.

ఇక పని విషయం. ఈ స్థాయిలో అమ్మాయిల మ్యాచ్‌లు స్మాష్‌లతో కాదు, సర్వీస్‌తో, రిసీవింగ్‌తో గెలుస్తారు. ప్రాక్టీస్‌లో సగం పైన వాటికే ఇవ్వండి. ఒక నోటు పుస్తకం పెట్టండి. రిసీవ్ చేసిన బంతి (పాస్) లిఫ్టర్ నిలబడిన చోటికే వచ్చి, తను ముగ్గురిలో ఎవరికైనా ఇవ్వగలిగితే 3. లిఫ్టర్ కదిలి ఇద్దరికే ఇవ్వగలిగితే 2. ఎత్తుగా లేపడం తప్ప దారి లేకపోతే 1. బంతి చచ్చిపోతే 0. రెండు వారాలు రాస్తే ఎవరు ఎక్కడ నిలబడాలో, పన్నెండు మంది ఎవరో ఆ పుస్తకమే సగం చెబుతుంది. లిస్టులో పేరు లేని పిల్లకి చెప్పేటప్పుడు కూడా ఆ పుస్తకం ముందు పెట్టుకుని చెప్పవచ్చు.

తొమ్మిదో_నంబర్ | బుధవారం, మధ్యాహ్నం 12:45

పుస్తకం ఈ రోజే కొన్నాను సార్. సిస్టమ్ గురించి కూడా చెప్పండి. లిఫ్టర్ ఒక్కతే గట్టిది కాబట్టి 5-1 (ఐదుగురు ఎటాకర్లు, ఒక్క లిఫ్టర్) అనుకుంటున్నాను. కానీ తను ముందు వరుసలోకి వచ్చినప్పుడు ఎటాకర్లు ఇద్దరే మిగులుతారు. వెనక నుంచి మూడు మీటర్ల గీత దాటకుండా కొట్టగలిగే అమ్మాయి మా దగ్గర లేదు.

యూనివర్సల్_11 | బుధవారం, మధ్యాహ్నం 1:30

అలాంటప్పుడు 4-2 మేలు. ఇద్దరు లిఫ్టర్లు ఎదురెదురుగా, ముందు వరుసలో ఉన్నవాళ్లే లేపాలి. వెనక నుంచి పరిగెత్తుకు రావడం ఉండదు, ఓవర్‌ల్యాప్ ఫాల్ట్‌లు (సర్వీస్ వేళ స్థానాలు తప్పడం) తగ్గుతాయి. రెండు నెలల్లో నేర్పించగలిగేది అదే.

పాత_పీడీ_అనకాపల్లి | బుధవారం, సాయంత్రం 4:10

4-2 తేలిక, నిజమే. కానీ రెండో లిఫ్టర్ నిజంగా ఉంటేనే అది పనికొస్తుంది. లేకపోతే మూడు రొటేషన్లలో మంచి పాస్ వచ్చినా దాన్ని పాడుచేసే మనిషి చేతిలో పెట్టినట్టు. ఒక్కతే ఉంటే 5-1 ఆడించండి, ఆ మూడు రొటేషన్లలో రెండో బంతిని లిఫ్టరే అవతలికి నెట్టడం నేర్పండి. చాలా జట్లు దానికి సిద్ధంగా ఉండవు.

విజిల్_మాస్టారు | బుధవారం, సాయంత్రం 6:40

ఒక్క మాట, నెట్ కొలిచారా? అబ్బాయిలదీ అమ్మాయిలదీ ఒకే గ్రౌండ్ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. అబ్బాయిలకి 2.43 మీటర్లు, అమ్మాయిలకి 2.24. అబ్బాయిలు కట్టిన నెట్ కిందనే అమ్మాయిలు నెలల తరబడి ఆడుతుంటారు, "కొంచెం కిందకి దించాం మేడమ్" అంటారు. ఒక కర్రకి గుర్తు పెట్టుకుని రోజూ మధ్యలో కొలవండి. రెండు చివరలు మధ్య కంటే 2 సెంటీమీటర్లకి మించి ఎత్తు ఉండకూడదు. ఎత్తు సరిగా లేని నెట్ మీద నేర్చుకున్న స్మాష్ టైమింగ్ మ్యాచ్‌లో పనికిరాదు.

ఫిజియో_ఎంవీపీ | బుధవారం, రాత్రి 9:00

తొమ్మిదో నంబర్ గారూ, మీ కోర్టు సిమెంటుదా, మట్టిదా? సిమెంటైతే దూకే డ్రిల్స్ వరసగా రెండు రోజులు పెట్టకండి. మోకాలి చిప్ప కింద నొప్పి, పిక్క ఎముక నొప్పి అని నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో ఎక్కువమంది సిమెంటు కోర్టు పిల్లలే. మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంటు తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో చాలా ఎక్కువ. చాలాసార్లు ఎవరూ తగలకుండానే, దూకి దిగేటప్పుడే జరుగుతుంది. అందుకే స్మాష్ నేర్పే ముందు దిగడం నేర్పండి. రెండు కాళ్ల మీద, మోకాళ్లు వంచి, మోకాళ్లు లోపలికి వాలకుండా. పది నిమిషాల వార్మప్‌లో రోజూ ఇది ఉండాలి.

ఇంకోటి, హిమోగ్లోబిన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మీ పద్నాలుగు మందిలో ఎవరికీ లేదనుకోవడానికి వీల్లేదు. 12 కంటే తక్కువ ఉన్న పిల్ల మూడో సెట్‌లో కాళ్లీడుస్తుంటే కోచ్‌కి బద్ధకంలా కనిపిస్తుంది. కాలేజీ హెల్త్ సెంటర్‌తో మాట్లాడి ఒక రోజు అందరికీ టెస్టు చేయించండి. తక్కువ వచ్చినవాళ్లని డాక్టర్‌కి చూపించండి, మాత్రలు మీరే ఇచ్చేయకండి. ప్రాక్టీస్ అయ్యాక తినడానికి ఉడికించిన గుడ్డు, అరటిపండు, పల్లీ చిక్కీ ఏదో ఒకటి దొరికేలా చూడండి. పొద్దున్న ఖాళీ కడుపుతో వచ్చి, ఖాళీ కడుపుతోనే క్లాసుకి పోయే పిల్లలు చాలామంది.

పీరియడ్స్ గురించి మీరే ముందు మాట్లాడండి. మీరు ఆడమనిషి కావడం వాళ్ల అదృష్టం. నొప్పి ఉందని చెప్పడానికి భయపడి కాలు బెణికిందని అబద్ధం చెప్పే పరిస్థితి మీ జట్టులో ఉండకూడదు.

పెందుర్తి_అమ్మ | బుధవారం, రాత్రి 9:50

నేను ఆటగత్తెని కాదండి. మా అమ్మాయి ఒక కాలేజీ జట్టులో ఆడుతోంది, అది వెతుకుతూ ఈ చర్చ చదివాను. ఒక తల్లిగా చెప్పాలనిపించింది.

మా ఇంట్లో ఆట మీద గొడవ ఎప్పుడూ ఒకటే, టైమ్. ఆరుకి అయిపోతుందని చెప్పి ఏడున్నరకి వదిలితే వాళ్ల నాన్న గుమ్మంలోనే నిలబడి ఉంటారు. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బస్సు మారి వచ్చేసరికి ఇంకా చీకటి పడుతుంది. ఆ రోజు నేను సర్దిచెప్పగలను, రోజూ సర్దిచెప్పలేను. మీరు ఏ టైమ్ చెబితే ఆ టైమ్‌కి వదలండి. టోర్నమెంట్‌కి వేరే ఊరు తీసుకెళ్తే ఎక్కడ ఉంటారో, తోడు ఏ మేడమ్ వస్తారో, ఎప్పటికి తిరిగొస్తారో ముందే ఒక కాగితం మీద రాసి పంపండి. మీ నంబర్ మా దగ్గర ఉండాలి. ఇంత చేస్తే చాలా ఇళ్లలో గొడవ ఉండదు. మా పిల్ల ఆడుతుంటే నాకు సంతోషమే, దాన్ని ఆపాలని నాకు లేదు.

తొమ్మిదో_నంబర్ | గురువారం, ఉదయం 7:15

అమ్మా, మీ మాట నాకు అన్నిటికంటే ముందు ఉపయోగపడుతుంది. మా వాళ్లలో సగం మంది గాజువాక, పెందుర్తి, భీమిలి వైపు నుంచి వస్తారు. మిగతా సగం హాస్టల్, వాళ్లకి గేటు టైమ్. పొద్దున్న బయటివాళ్లు రాలేరు, సాయంత్రం ఆలస్యమైతే ఎవరికీ కుదరదు. అందుకని హాస్టల్ వాళ్లకి పొద్దున్న సర్వీస్, రిసీవింగ్. అందరికీ కలిపి సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర. ఐదున్నర అంటే ఐదున్నరే, బంతి గాల్లో ఉన్నా ఆపేస్తాను. పేరెంట్స్‌కి ఈ రోజే మెసేజ్ పెడుతున్నాను.

గాజువాక_లిబెరో | గురువారం, ఉదయం 9:20

అక్కా, నాలుగు నుంచి అంటే సముద్రపు గాలి బాగా ఉండే టైమ్. మీ గ్రౌండ్ ఓపెన్ అయితే దాన్ని వాడుకోండి. గాలికి ఎదురుగా ఫ్లోట్ సర్వీస్ (బంతి గిరగిరా తిరగకుండా) కొడితే బంతి అటూ ఇటూ ఊగి చటుక్కున పడిపోతుంది, తీయడం నరకం. గాలి వెనక నుంచి ఉంటే అదే దెబ్బ ఎండ్ లైన్ దాటిపోతుంది. రోజూ రెండు వైపుల నుంచీ కొట్టించండి. గాలి ఉన్నప్పుడు సర్వీస్ టాస్ ఎత్తుగా వేయకుండా చేతికి దగ్గరగా వేయమనండి. ఇండోర్‌లో ఆడి వచ్చే జట్లు మన గ్రౌండ్‌ల మీద మొదటి సెట్‌లో ఇక్కడే ఇబ్బంది పడేవి. ఆదివారాలు ఆర్‌కే బీచ్‌లో ఇసుకలో పరిగెత్తించే పద్ధతి మంచిదే, కానీ ఫిజియో మేడమ్ చెప్పినట్టు శుక్ర, శనివారాలు దూకించి ఉంటే వద్దు.

తొమ్మిదో_నంబర్ | ఆదివారం, రాత్రి 8:30

కెప్టెన్‌తో మాట్లాడాను. ప్రాక్టీస్ అయ్యాక వేళ్లకి చుట్టుకున్న టేప్ విప్పుకుంటూ కూర్చుంటే పక్కన కూర్చున్నాను. "ఈ ఏడాది నీకు ఏం కావాలి" అని అడిగాను. చాలాసేపు టేప్ ఉండలు చుడుతూ ఊరుకుంది. తర్వాత, యూనివర్సిటీ క్యాంపుకి పిలుపు రావాలి మేడమ్ అంది. పోయినేడాది సెలెక్టర్లు వచ్చిన మ్యాచ్‌లో తనకి బంతులు తక్కువ వచ్చాయట. పీడీ గారు చెప్పింది అక్షరాలా నిజం.

నోటు పుస్తకం తీసి చూపించాను. మన పాస్ 3 వచ్చినప్పుడు బంతి నీకు ఎన్నిసార్లు వస్తోంది, 1 వచ్చినప్పుడు ఎన్నిసార్లు వస్తోంది అని లెక్క పెట్టమన్నాను. 1 వచ్చినప్పుడే ఎక్కువ వస్తోంది, అదీ ఇద్దరు బ్లాకర్ల ఎదుట. తనకి మంచి బంతులు రావాలంటే వెనకాల ఇద్దరు ఫస్టియర్ పిల్లల రిసీవింగ్ బాగుపడాలి. వాళ్లేమో తన ముఖం చూసి బిగుసుకుపోతున్నారు. ఇది నేను చెప్పలేదు, తనే అంది. కెప్టెన్‌గా తనే ఉంటుంది. ఎటాక్ ఎవరికి అనేది మాత్రం లిఫ్టర్ ఇష్టం, అందులో ఎవరూ వేలు పెట్టకూడదని అందరి ముందూ చెప్పాను.

యూనివర్సల్_11 | ఆదివారం, రాత్రి 9:05

ఇలా చేస్తారని అనుకోలేదు మేడమ్. బాగా చేశారు. మ్యాచ్‌లో ఒత్తిడి వచ్చినప్పుడు ఆ అమ్మాయి ఎలా ఉంటుందో చూసి చెప్పండి, నా సందేహం అక్కడే.

తొమ్మిదో_నంబర్ | ఏడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 10:10

ఇంటర్ కాలేజియేట్ అయిపోయింది. ఇంత సాయం చేసిన మీకు చెప్పకుండా ఉండలేను.

లిస్టు ముందే చెప్పాను, ఒక్కొక్కరికీ ఎదురుగా, పుస్తకం పెట్టుకుని. ఒకమ్మాయి విని, "వచ్చే ఏడాదికి ఏది బాగుచేసుకోవాలి మేడమ్" అని అడిగి, టోర్నమెంట్‌లో బెంచీ వెనక కూర్చుని అవతలి జట్టు సర్వీస్‌లు ఎటు పడుతున్నాయో రాసిపెట్టింది. రెండో అమ్మాయి రావడం మానేసింది. వాళ్ల క్లాసుకి వెళ్లి మాట్లాడాను. మర్యాదగానే మాట్లాడింది, రానని చెప్పింది. ఎన్‌సీసీలో చేరిందట. అది నన్ను ఇంకా బాధపెడుతూనే ఉంది.

మొదటి రెండు మ్యాచ్‌లు వరస సెట్లలో గెలిచాం. సెమీస్‌లో మూడో సెట్ 15-13తో పోయింది. 12-12 దగ్గర నాకు మిగిలిన టైమౌట్ తీసుకున్నాను. "వాళ్ల సర్వీస్ ఐదో స్థానంలోకే వస్తోంది, ఒకడుగు వెనక్కి" అని ఆ ఒక్క మాటే చెప్పాను. తర్వాతి బంతి సరిగ్గా అక్కడికే వచ్చింది, పాస్ 3, లిఫ్టర్ మధ్యలోకి ఇచ్చింది, పాయింటు. ఆ తర్వాత వాళ్లు మాకంటే బాగా ఆడారు, అంతే.

యూనివర్సల్_11 గారూ, మీ సందేహానికి జవాబు. 13-13 దగ్గర లిఫ్టర్ బంతి తనకి ఇవ్వకుండా అవతలి మూలకి ఇచ్చింది, అది బ్లాక్ అయింది. కెప్టెన్ నేరుగా లిఫ్టర్ దగ్గరికి వెళ్లి భుజం తట్టి "మళ్లీ అక్కడికే ఇవ్వు" అంది. బెంచీ దాకా వినిపించింది. యూనివర్సిటీ క్యాంపుకి ఇద్దరికీ పిలుపు వచ్చింది.

ప్రిన్సిపాల్ మేడమ్‌కి కప్పు రాలేదని బాధగానే ఉంది. పుస్తకం తీసుకెళ్లి చూపించి, వచ్చే ఏడాదికి బంతులు, మోకాలి ప్యాడ్లు, ఒక మట్టి కోర్టు కావాలని రాసిచ్చాను. కోర్టు మీద ఇంకా ఏమీ చెప్పలేదు.

పాత_పీడీ_అనకాపల్లి | ఆదివారం, ఉదయం 6:00

చాలా సంతోషం అమ్మా. కోర్టు గురించి మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉండండి, ఎండాకాలం సెలవుల్లోనే ఆ పని అవుతుంది. మా ఊళ్లో ఒక కాలేజీ అమ్మాయిల జట్టు ఉంది, వాళ్ల పీడీ నా శిష్యురాలే. వచ్చే ఆదివారం వాళ్లని తీసుకొస్తే ఫ్రెండ్లీ ఆడిస్తారా? ఫైనలియర్ వాళ్లని పక్కన పెట్టి మిగతావాళ్లని దించండి, వచ్చే ఏడాది జట్టు ఇప్పుడే కనిపిస్తుంది.

తొమ్మిదో_నంబర్ | ఆదివారం, ఉదయం 8:40

తప్పకుండా సార్, తీసుకురండి. ఉదయం ఏడుకి మొదలుపెడదాం, తొమ్మిదిన్నరకి ముగిద్దాం, ఎండ ముదరకముందే. టిఫిన్ మా హాస్టల్ మెస్‌లో చెబుతాను. మాకు నెట్ చివర కట్టే యాంటెన్నా ఒకటి విరిగింది, మీ వాళ్ల దగ్గర ఉంటే తెమ్మనండి.

విజిల్_మాస్టారు | ఆదివారం, ఉదయం 9:15

యాంటెన్నాలు నా దగ్గర జత ఉంది, నేను తెస్తాను. విజిల్ కూడా నేనే ఊదుతాను. స్కోర్ షీట్ రాయడం మీ అమ్మాయిల్లో ఇద్దరికి ఆ రోజే నేర్పిస్తాను, ఆరున్నరకల్లా వాళ్లని పంపండి.